మా బాపు, నా పళ్ల క్లిప్పులు

మొన్న మా తమ్ముడి బిడ్డ అక్షయకు పళ్ల క్లిప్పులు తీసేస్తారంటే తోడుగా నేనే కరీంనగర్ వెళ్లాను. దాని తల్లికి బడిలో పరీక్షల డ్యూటీ, మా తమ్ముడు శంకర్ పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు. దవాఖాన పైఅంతస్తులో ఉంది. అద్దాల తలుపు తోసి లోపలికి అడుగు పెట్టగానే లవంగనూనె వాసన గుప్పున తగిలింది. గోడలు మారాయి, కుర్చీలు మారాయి, ఏసీ వచ్చింది, కానీ ఆ వాసన మాత్రం ముప్పై ఏళ్లకు పైగా నాకోసమే అక్కడ కూర్చుని ఉన్నట్టుంది. అక్షయ కుర్చీలో వెనక్కి వాలింది. చిన్నవయసు డాక్టరమ్మ దీపం దగ్గరికి లాగి, "నోరు బాగా తెరువమ్మా, ఇంకొంచెం" అంది. పిల్ల కప్పలా నోరు తెరిచింది. దాని చెయ్యి పట్టుకుని పక్కన నిలబడ్డ నాకు అరచేతుల్లో చెమట పట్టింది. అక్షయే నన్ను చూసి కళ్లతో నవ్వింది, భయపడకు అత్తా అన్నట్టు. నా భయం దాని పళ్ల గురించి కాదని దానికెలా తెలుస్తుంది? "నోరు తెరువు" అనే ఆ మాట మా ఇంట్లో ఒక కాలంలో ఎంత బరువుగా మారిందో, ఆ మాటకు లొంగకుండా ఒక మనిషి ఎన్నాళ్లు తప్పించుకు తిరిగాడో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది గోదావరి ఒడ్డు బొగ్గుబాయి కాలనీ. రెండు గదుల క్వార్టర్, ముందు చిన్న వాకిలి, వాకిట్లో నల్లా, నల్లా పక్కన ఒక జామచెట్టు. పొద్దున నల్లా దగ్గర మా ఇంట్లో అందరి పళ్లు తోముడు ఒక జాతర. బాపమ్మ, అంటే మా బాపు తల్లి, వేపపుల్ల నమిలేది. ఆమెకు ముందరి పళ్లు నాలుగో అయిదో మిగిలాయి, వాటిని కూడా బంగారంలా తోముకునేది. అవ్వ, అంటే మా అమ్మ, ఎర్ర పళ్లపొడి అరచేతిలో పోసుకుని వేలితో రుద్దుకునేది. ఆమె ఉమ్మిన చోట సిమెంటు గులాబీరంగుకు తిరిగింది. నాకూ శంకర్‌కూ బాపు పట్టుబట్టి బ్రష్షులు కొన్నాడు. ఆయన మాత్రం షిఫ్టు నుంచి వచ్చి, మొహం మీద బొగ్గు కడుక్కుని, నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి ఉమ్మేవాడు. ఆ నీళ్లు మొదట నల్లగా, తర్వాత ఎర్రగా, చివరికి గోధుమరంగులో వచ్చేవి. నల్లది బొగ్గు. మిగతా రెండూ వక్క, తంబాకు. బాయిలో బీడీ నిషేధం. దిగేముందు జేబులు తడిమి చూసేవారు, అగ్గిపుల్ల దొరికితే నౌకరీ పోయేది. అందుకని బాయి దిగే మనుషులందరి బుగ్గల్లోనూ ఒక ఉండ ఉండేది. చీకట్లో, ఉక్కపోతలో, నెత్తి మీద బండ కిర్రుమంటుంటే అది నోట్లో ఉంటేనే ధైర్యం అనేవాడు బాపు. ఆ ఉండ ఆయన ఎడమబుగ్గలో నేను పుట్టక ముందు నుంచే ఉంది. ఆయన మాట్లాడితే మాట ఎప్పుడూ కుడివైపు నుంచే వచ్చేది. మనుషులందరూ అలాగే మాట్లాడతారని చిన్నప్పుడు అనుకునేదాన్ని.

నావి ఎత్తుపళ్లు. పెదవి మూసినా రెండు పళ్లు బయటే ఉండేవి. బళ్లో పిల్లలు పేరు పెట్టారు, ఆ పేరు ఇప్పుడు రాయను. నేను నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని, తర్వాత నవ్వడమే తగ్గించాను. బాపుకు చదువు రాదు. షిఫ్టు లేని పొద్దున నా చేత పేపరు చదివించుకోవడం ఆయనకున్న ఒకే ఒక్క షోకు. నేను చెయ్యి అడ్డం పెట్టుకుని చదవడం, మాట సగం చేతిలోకే పోవడం ఆయన కొన్నాళ్లు చూశాడు. ఒకరోజు పేపరు తీసి పక్కన పెట్టి, లేవమన్నాడు. కాలనీ దవాఖానకు తీసుకుపోయాడు. వాళ్లు కరీంనగర్ వెళ్లమన్నారు, అక్కడ పళ్లకు తీగలు కట్టే డాక్టరమ్మ ఒకామె ఉందని. ఆ రోజుల్లో మా కాలనీలో ఎవరూ ఆ మాట వినలేదు. ఖర్చు సంగతి అవ్వ ఎత్తబోతే బాపు చెయ్యి ఊపి ఆపేశాడు. బాపమ్మ మాత్రం ఆగలేదు.

"ఎదిగే ఆడిపిల్ల నోట్ల ఇనుము పెడ్తరార? ఇనుమంటే శని. ఇంట్లకు పిలిచి కూసోబెట్టుకున్నట్టే గద" అంది.

బాపు నవ్వి, తానే రోజూ ఇనుప తొట్టెలో కూర్చుని భూమిలోకి దిగుతున్నానని, తనకు పట్టని శని బిడ్డకు పట్టదని అన్నాడు. ఆ మాట అనగానే బాపమ్మ లేచి వెళ్లి ఉప్పు తెచ్చి ఆయన చుట్టూ దిష్టి తీసింది. అలాంటి మాటలు అనకూడదని ఆమె నమ్మకం.

బస్సులో పెద్దపల్లి, సుల్తానాబాద్ దాటి కరీంనగర్. బాపు కిటికీ పక్క సీటు తీసుకునేవాడు, ఉమ్మడానికి. డాక్టరమ్మ నడివయసు మనిషి, తక్కువ మాటలు, చల్లని వేళ్లు. ముందు నాలుగు పళ్లు పీకాలని, అప్పుడే మిగతావి వెనక్కి జరగడానికి జాగా ఉంటుందని చెప్పింది. మంచి పళ్లు పీకడమేమిటని బాపు కూడా ఒక్క క్షణం తటపటాయించాడు. పీకిన పళ్లను దూదిలో చుట్టి ఇంటికి తెచ్చాను. పాలపళ్లయితే ఇంటి మీదికి విసిరేవాళ్లం. వీటిని ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. బాపమ్మ వాటిని తీసుకుని జామచెట్టు మొదట్లో గుంత తీసి పూడ్చింది. పైన ఒక రాయి పెట్టింది. కుక్కలు తవ్వకుండా అంది కానీ ఆ రాయి చూసినప్పుడల్లా నాకు మంచిగా అనిపించేది కాదు.

తర్వాత ఒక్కో పంటికి ఒక్కో లోహపు బిళ్ల అంటించి, వాటి గుండా తీగ గుచ్చి, బిగించారు. కట్టినప్పుడు నొప్పి లేదు. తిరుగు బస్సులో సుల్తానాబాద్ వచ్చేసరికి మొదలైంది. పళ్లన్నీ కలిసి ఒకేసారి వదులైపోతున్నట్టు, దవడలో ఎవరో మెల్లగా మర తిప్పుతున్నట్టు. మూడు దినాలు పన్ను పంటికి తాకించలేకపోయాను. బుగ్గ లోపల తీగ గీరుకుని పుండ్లు పడ్డాయి. డాక్టరమ్మ ఇచ్చిన మైనం ముద్ద చేసి బిళ్లల మీద అతికించుకునేదాన్ని. అవ్వ నాకోసం అన్నం మెత్తగా ఉడికించి, పాలు పోసి, జావలా చేసి పెట్టేది. కారం లేదు, పచ్చడి లేదు. మక్కకంకులు, సకినాలు, చెరుకుగడ, జామకాయ, అన్నీ బందు. జామచెట్టు ఇంటి ముందరే కాయలతో ఉన్నా ముట్టడానికి లేదు.

అప్పుడు బాపు ఒక పని చేశాడు. తన పళ్లెం నా పళ్లెం పక్కకు జరుపుకుని, తనకూ అదే మెత్తటి అన్నం పెట్టమన్నాడు. అవ్వ వింతగా చూస్తే, బిడ్డ ఒక్కతే చప్పిడి తింటుంటే తనకు కారం ఎట్లా దిగుతుందన్నాడు. కాలనీ మొత్తం ఆ ముచ్చట చెప్పుకుంది. బిడ్డ మీద అంత పాయిరం ఉన్న తండ్రి ఉండడన్నారు. నేను గర్వపడ్డాను. ఆయన చిన్న చిన్న ముద్దలు చేసి, తల కాస్త పైకెత్తి, పెదవుల మధ్య నుంచి లోపలికి తోసుకునేవాడు. నన్ను నవ్వించడానికి నా తీరును అనుకరిస్తున్నాడని అనుకున్నాను.

డాక్టరమ్మ నాకు పళ్ల కాపలా నేర్పింది. తిన్న ప్రతిసారీ తోముకోవాలి. బ్రష్ వంచి తీగ పైన, తీగ కింద, బిళ్ల చుట్టూ తిప్పాలి. చిన్న బ్రష్ ఒకటి తీగ వెనకాలకు దూర్చి తియ్యాలి. ఉప్పునీళ్లు పుక్కిలించాలి. బిళ్ల పక్కన సుద్దలా తెల్లటి మచ్చ కనిపిస్తే పన్ను లోపల నుంచి పాడవుతోందని గుర్తు. చిగురు ఉబ్బి రక్తం కారితే సరిగ్గా తోముకోలేదని గుర్తు. ఒక చిన్న అద్దం కొనుక్కుని రోజూ వెలుతురులో నిలబడి చూసుకోమంది. నేను అది వ్రతంలా చేశాను. పొద్దుటెండ వాకిట్లో పడగానే అద్దం పట్టుకుని నోరు తెరిచి ఒక్కో పన్నూ చూసుకునేదాన్ని. పళ్లు కదలడం కళ్లకు కనపడదు కానీ నెలకు నెలకు తేడా తెలుస్తుంది. నోట్లో ఏదైనా చాలా మెల్లగా, మనిషికి తెలియకుండా జరిగిపోతుందని నాకు అప్పుడు అర్థమైంది. ఒక్కసారి ఆ చూపు అలవాటయ్యాక నేను అందరి నోళ్లూ చూడటం మొదలుపెట్టాను. మాట్లాడే మనిషి కళ్లు కాకుండా పళ్లు చూసేదాన్ని.

కొన్ని నెలలకు నా నొప్పి పోయింది. మళ్లీ పప్పు, కూర, కారం అన్నీ తినసాగాను. బాపు మాత్రం చప్పిడన్నం దగ్గరే ఉండిపోయాడు. నాకు మొదట అది పట్టలేదు. పట్టించుకున్నది అవ్వ. ఒకనాడు ఆమె పప్పులో ఒక్క ఎండుమిరపకాయే వేసింది. బాపు ఒక ముద్ద పెట్టుకుని ఆగిపోయాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. గ్లాసెత్తి నీళ్లు తాగాడు. నీళ్లు పెదవుల మూలల నుంచి కారాయి. ఇంత కారం కూడా మండుతున్నదా అని అవ్వ అడిగితే, నాలుక మీద పొక్కు ఉందన్నాడు. ఆ పొక్కు నెల గడిచినా ఉందన్నాడు. ఇంకొకటి కూడా గమనించాను. పూర్వం ఆయన షిఫ్టు నుంచి వస్తూ గల్లీ మలుపులోనే ఈల వేసేవాడు, శంకర్ ఎక్కడ ఆడుతున్నా పరుగెత్తుకొచ్చేవాడు. ఆ ఈల ఎప్పుడు ఆగిందో ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. పొయ్యి ఊదమంటే గాలి రావడం లేదని గొట్టం అవ్వ చేతికిచ్చేవాడు. ప్రతిదానికీ ఒక కారణం ఉండేది. బాయిలో దుమ్ము, వయసు, పని, చలి. నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు బాయి వైపు నుంచి పేలుళ్ల శబ్దం వచ్చినప్పుడల్లా మా క్వార్టర్ గోడలు అదిరి, పటాలు పక్కకు ఒరిగేవి. అవ్వ లేచి వాటిని సరిచేసి కూర్చునేది. గోడలో పగులు రోజురోజుకూ పెరుగుతున్నా అందరికీ అలవాటైపోయింది. బాపు విషయం కూడా అలాగే అలవాటైంది.

ఒకసారి కరీంనగర్‌లో నా తీగ మార్చుతూ డాక్టరమ్మ నన్ను నోరు పూర్తిగా తెరవమని, నా మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పెట్టుకొమ్మంది. పట్టాయి. మామూలు మనిషి నోరు తన మూడు వేళ్లంత తెరుచుకోవాలని, దవడ బాగుందో లేదో అట్లా తెలుస్తుందని చెప్పింది. నాకది కొత్త ఆట. ఆ ఆదివారం వాకిట్లో అందరినీ కూర్చోబెట్టాను. శంకర్ మూడు వేళ్లు కాదు, నాలుగు దూర్చి దగ్గాడు. అవ్వ సిగ్గుపడుతూ కొంగు చాటున పెట్టుకుని చూపించింది. బాపమ్మ ఉన్న పళ్లకు తగలకుండా మూడు వేళ్లు పెట్టుకుని, "పండ్లు లేకున్నా నోరు మాత్రం నాదే పెద్దది" అంది, అందరం నవ్వాం. బాపు వంతు వచ్చింది. ఆయన వద్దన్నాడు. శంకర్ ఆయన మీద పడి బతిమాలాడు. ఆయన వేళ్లు ఎత్తి పళ్ల మధ్య పెట్టుకోబోయాడు. ఒక వేలు పట్టింది. రెండోది గోరు దాకా వెళ్లి ఆగింది. ఆయన నెట్టాడు. మెడనరాలు బిగిశాయి, కళ్లు ఎర్రబడ్డాయి, నోరు ఒక్క వెంట్రుకవాసి కూడా జరగలేదు.

"పనిజేసీ పనిజేసీ నా వేళ్లు లావైనయ్ బిడ్డా. నోరేం చిన్నగ గాలే" అన్నాడు.

శంకర్ నవ్వాడు. నేనూ నవ్వబోయి బాపమ్మ మొహం చూశాను. ఆమె నవ్వడం లేదు. కొడుకు నోటి వంకే చూస్తోంది. కాసేపటికి లేచి, పని ఏమీ లేకపోయినా, నల్లా దగ్గరికి వెళ్లి నిలబడింది.

తర్వాతి నెల కుర్చీలో వాలగానే బాపు వేళ్ల సంగతి డాక్టరమ్మకు చెప్పాను. ఆమె నా నోట్లో పని ఆపేసి, చేతులు కడుక్కుని, తలుపు తెరిచి, బయట బల్ల మీద కూర్చున్న బాపును లోపలికి పిలిచింది. ఆయన లేచి నిలబడి, తనకు ఏ పరేషానూ లేదని, బిడ్డ పళ్లు చూస్తే చాలని చెప్పి, చాయ్ తాగివస్తానని మెట్లు దిగి వెళ్లిపోయాడు. డాక్టరమ్మ తిరిగి వచ్చి నన్ను అడిగింది, ఏం నములుతాడని, ఎన్నాళ్ల నుంచని, కారం తింటాడా అని. నేను చెప్పిన ఒక్కో మాటకూ ఆమె తల ఊపలేదు, ఆశ్చర్యపోలేదు. ముందే తెలిసిన కథ వింటున్నట్టు కూర్చుంది. చివరికి, "మీ బాపును ఎట్లాగైనా ఒకసారి ఈ కుర్చీలో కూర్చోబెట్టాలమ్మా" అని మాత్రం అంది.

ఆ తర్వాత నుంచి బాపు నాతో కరీంనగర్ వచ్చేవాడు కానీ మెట్లు ఎక్కేవాడు కాదు. కింద చాయ్ కొట్టు దగ్గర, మా వైపు వీపు పెట్టి నిలబడేవాడు. ఆయన భయం ఏమిటో నాకు తెలుసు. ఆయనతో పాటు బాయి దిగే ఒకాయన అంతకు ముందు బుగ్గలో పుండు చూపించుకోవడానికి హైదరాబాద్ వెళ్లాడు. సగం మొహంతో తిరిగి వచ్చాడు, ఆ ఎండాకాలం దాటలేదు. కత్తి తాకితేనే అది పాకుతుందని, తాకకుంటే అట్లాగే పడి ఉంటుందని బాయి మీద అందరూ చెప్పుకున్నారు. పైగా పనికిరాడని రాస్తే బాయి నుంచి తీసేస్తారు. అవ్వ ఏడ్చింది, అన్నం మానింది. తంబాకు డబ్బా దాస్తే ఆయన అప్పుడప్పుడే కొట్లలోకి వచ్చిన గుట్కా పొట్లాలు కొనుక్కున్నాడు. పొట్లాన్ని మూతికి ఆనించి తల వెనక్కి వాల్చి వంపుకునేవాడు, నోరు పెద్దగా తెరవాల్సిన పని లేదు. బాపమ్మ ధర్మపురి పోయి నరసింహస్వామికి మొక్కి వచ్చింది. నా నోట్లో ఇనుము పెట్టించిన నాటి నుంచే ఇదంతా అని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. అనుకుంటోందని మాత్రం నాకు తెలుస్తూనే ఉండేది. నా పళ్లు నెల నెలా వరుసలోకి వస్తుంటే, ఆయన ఎడమబుగ్గ బయటి నుంచి కూడా గట్టిగా, చెక్కలా కనిపించసాగింది. పొద్దున అద్దంలో నా నోరు చూసుకుంటూ, అద్దం కాస్త పక్కకు తిప్పి, వెనక నల్లా దగ్గర పుక్కిలిస్తున్న ఆయన్ని చూసేదాన్ని. ఇప్పుడు ఉమ్మిన నీళ్లలో ఒక ఎరుపు వక్కది కాదు.

క్లిప్పులు తీసే రోజు వచ్చింది. పదో తరగతి పరీక్షలు అయిపోయిన ఎండాకాలం. బాపు కొత్త అంగీ తొడుక్కున్నాడు. ఆ రోజు మాత్రం మెట్లెక్కి వచ్చి తలుపు బయట నిలబడ్డాడు, నా పళ్లు ముందుగా తానే చూడాలని. డాక్టరమ్మ పట్టకారు తీసుకుని నోరు తెరవమంది. నేను తెరవలేదు. ఆమె మళ్లీ అడిగింది. నేను ముందుగా ఏదీ అనుకుని పోలేదు; కానీ తలుపు సందులో ఆయన అంగీ కనిపించగానే నా పెదవులు బిగిసిపోయాయి.

"ముందుగాల బాపు నోరు సూడుండ్రి మేడం. గప్పటిదాంక నేను తెరువ" అన్నాను.

డాక్టరమ్మ పట్టకారు పళ్లెంలో పెట్టేసింది. బాపు లోపలికి వచ్చి కోప్పడ్డాడు, తర్వాత బుజ్జగించాడు. అంత దూరం నుంచి వచ్చి ఇదేం మంకుపట్టు అన్నాడు. నేను ఆయన్ని చూడకుండా పైకప్పు చూస్తూ పడుకున్నాను. తీగలతోనే ముసలిదాన్నవుతానని మనసులో అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. అప్పుడు బాపు డాక్టరమ్మ వైపు తిరిగాడు.

"మేడం, నాకెరుకనే. అదేందో నాకెరుకనే. గీమె ముంగట చెప్పకుండ్రి" అన్నాడు.

నన్ను లేపి బయటకు పంపలేదు. నేను పోనూ లేదు. కుర్చీ దిగి పక్క స్టూలు మీద కూర్చున్నాను. ఆయన నా కుర్చీలో వాలాడు. కాళ్లు కుర్చీ దాటి బయటికి వచ్చాయి, కొత్త చెప్పుల అడుగులకు కూడా బొగ్గు మసి. డాక్టరమ్మ చెంచా లాంటిది పళ్ల మధ్య దూర్చి, టార్చి వేసి, తల వంచి చూసింది. లోపల బుగ్గ సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. ఆ తెలుపు మధ్యలో, దవడ మూల దగ్గర, చిరిగిన అంచులతో ఒక పుండు. అది ఏళ్లుగా మా పేపరు, మా అన్నం, మా నవ్వుల పక్కనే ఉండి పెరిగింది. డాక్టరమ్మ టార్చి ఆర్పింది. మరునాడే హైదరాబాద్ వెళ్లాలని, ఈసారి ఆగితే కుదరదని చెప్పింది. ముక్క తీసి పరీక్ష చేస్తారని, కత్తి తాకితే పాకదని, తాకకపోతేనే పాకుతుందని, ఆయన భయాన్ని ఎవరో తనకు ముందే చెప్పినట్టు నెమ్మదిగా వివరించింది. ఆయన అన్నిటికీ సరే అన్నాడు. లేచి, కుర్చీని తన రుమాలుతో తుడిచి, నన్ను కూర్చోమన్నాడు.

నేను నోరు తెరిచాను. బిళ్లలు ఒక్కొక్కటే టక్కున ఊడి పళ్లెంలో పడ్డాయి. జిగురు గీకారు. నాలుకతో తడిమితే పళ్లు నున్నగా, పెద్దగా, ఎవరివో నా నోట్లో పెట్టినట్టు ఉన్నాయి. అద్దం ఇచ్చారు. ఒక పంటి మీద బిళ్ల ఆకారంలో పల్చటి తెల్లమచ్చ తప్ప అంతా వరుసగా ఉంది. బాపు వంగి చూసి, "మంచిగున్నయ్" అన్నాడు. ఆ మాట కూడా సగమే బయటికి వచ్చింది. అంతకాలం ఎదురుచూసిన ఆ గడియలో మేమిద్దరం ఒకరి నోరు ఒకరం చూసుకుంటూ నిలబడ్డాం.

ఆ ఎండాకాలమంతా హైదరాబాద్ దవాఖానలో గడిచింది. అవ్వా నేనూ మారి మారి ఉన్నాం. ఎడమ దవడ ఎముక కొంత, బుగ్గ చాలా తీసేసి, ఛాతీ మాంసం తెచ్చి అతికించారు. నాకు ఇచ్చిన ప్లేటు, పళ్లు మళ్లీ పాత చోటికి జరగకుండా ఎప్పుడూ పెట్టుకోవాల్సిన ఆ గులాబీరంగు ప్లేటు, డబ్బాలోనే పడి ఉంది. తిన్నాక తీసి కడగాలి, వేడినీళ్లు తగలకూడదు, రుమాలులో చుట్టి ఎక్కడో పెట్టి పారేసుకోకూడదు, ఇలా డాక్టరమ్మ చాలా చెప్పింది. వార్డు బయట చాప మీద పడుకునే మనిషికి అవన్నీ ఎక్కడ సాగుతాయి? ఒకనాడు బాపుకు గొట్టం గుండా పాలు పోస్తుంటే ఆయన నా మొహం తేరిపార చూశాడు. వేలు ఎత్తి, కట్ల మధ్య నుంచి తన ముందరి పళ్ల మీద తట్టి, నా వైపు చూపించాడు. నాకు అర్థం కాలేదు. మళ్లీ తట్టాడు. నాలుకతో చూసుకుంటే ముందరి రెండు పళ్ల మధ్య సందు తెలిసింది. సంచిలోంచి ప్లేటు తీసి కడిగి పెట్టుకోబోతే అది కూర్చోలేదు. కొద్ది వారాల్లోనే పళ్లు జరిగాయి. నొక్కితే కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆయన అది పూర్తిగా కూర్చునే దాకా కళ్లు తిప్పలేదు. మాట లేని మనిషి, నొప్పితో రెప్ప మూయలేని మనిషి, బిడ్డ పళ్ల కాపలా కాశాడు. ఒక్క పన్ను మాత్రం తిరిగి సరిగా రాలేదు. ఇప్పటికీ కొంచెం పక్కకు తిరిగే ఉంది. సరిచేయించుకోమని ఎందరో డాక్టర్లు చెప్పారు. నేను చేయించుకోలేదు.

బాపు బాయి మీదికి తిరిగి వెళ్లాడు కానీ కిందికి దిగలేదు. పైన, బాయి దిగేవాళ్లకు నెత్తి దీపాలు ఇచ్చే గదిలో కూర్చోబెట్టారు. ఆయన మాట ఇంట్లో వాళ్లకు తప్ప అర్థమయ్యేది కాదు. పేపరు మాత్రం చదివించుకునేవాడు. నేను చెయ్యి అడ్డం లేకుండా, గల్లీకి వినిపించేటట్టు చదివేదాన్ని. దీపం కోసం వచ్చే కుర్రవాళ్లను ఆపి, మొహానికి చుట్టుకున్న తువ్వాల జరిపి తన బుగ్గ చూపించేవాడట. కొందరు ఉమ్మేసి వెళ్లేవారట. ఎక్కువమంది మొహం తిప్పుకుని, చీకట్లోకి దిగాక మళ్లీ పొట్లం చింపేవారట. ఈ సంగతి ఆయన పోయాక వాళ్లలో ఒకతను చెప్పాడు. అతని బుగ్గలోనూ అప్పుడు ఉండ ఉంది.

అక్షయకు మొన్న క్లిప్పులు తీశాక చిన్న డాక్టరమ్మ పారదర్శకంగా ఉన్న ప్లేటు ఇచ్చింది. చెప్పిన జాగ్రత్తలు మాత్రం అవే, ఒక్క మాట తేడా లేదు. ఇప్పుడు ప్రతి గల్లీలోనూ పళ్ల దవాఖానే. పిల్లలు తీగలకు రంగురంగుల రబ్బర్లు వేయించుకుని ఫొటోలు దిగుతున్నారు, చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లలు కనబడటం లేదు. అది చూస్తే నాకు సంతోషమే. డాక్టరమ్మను ఊరకే అడిగాను, నోరు తెరుచుకోని వాళ్లు వస్తుంటారా అని. వారానికి కొందరు వస్తారంది. ముసలివాళ్లు కాదు, కాలేజీ పిల్లలట. పుండు పెద్దదయ్యాకే వస్తారట. మేం మెట్లు దిగితే కింద పాన్‌షాపుకు పొట్లాల దండలు వేలాడుతున్నాయి. పేరు మారింది, రంగు మారింది, గుట్కాను నిషేధించాక ఒకే పొట్లం కాస్తా వక్కదొకటి, తంబాకుదొకటిగా రెండు పొట్లాలై పక్కపక్కన వేలాడుతోంది. కాలేజీ సంచులు వేసుకున్న ఇద్దరు పిల్లలు చెరొక జత కొని, కలిపి, తల వెనక్కి వాల్చి వంపుకున్నారు. ఒకడు నవ్వాడు. పళ్లు ఎంత చక్కగా ఉన్నాయో.

బాపు ఆపరేషన్ తర్వాత ఆరేళ్లు బతికాడు. నా డిగ్రీ చూశాడు, నా మొదటి నౌకరీ చూశాడు. ఆ తర్వాత మెడలో గడ్డ తేలింది. ఈసారి ఆయన వద్దంటే ఎవరం బలవంతం చెయ్యలేదు. చలికాలం పొద్దున, ఇంట్లోనే పోయాడు. వాకిట్లో పడుకోబెట్టారు. మా పెద్దనాయన తులసినీళ్లు తెచ్చి నోట్లో పొయ్యాలని చూశాడు. దవడ కదలలేదు. ఇంకొకాయన గడ్డం పట్టి లాగబోయాడు. చనిపోయిన మనిషి నోటిని కూడా తెరవాలని చూస్తున్న ఆ చేతులను చూడలేక నేను మొహం తిప్పుకున్నాను. అప్పుడు బాపమ్మ, అప్పటికి నోట్లో ఒక్క పన్నూ లేని బాపమ్మ, గోడ పట్టుకుని లేచి వచ్చి అందరినీ పక్కకు జరగమంది. కొడుకు తల దగ్గర కూలబడి, తన కొంగు చివర నీళ్లలో ముంచి, ఆయన పెదవుల మధ్య ఉన్న సందులో మెల్లగా పిండింది. ఒక్కో చుక్క లోపలికి పోయేదాకా ఆగింది. మళ్లీ ముంచింది. ఏడుపు లేదు, తొందర లేదు.

"గుంజకుండ్రి వాన్ని. పండ్లు రాకముందు నేను వీనికి గిట్లనే తాపిన" అంది.